కొత్త గింజ, కొత్త గోడ

నడుస్తూ నడుస్తూ పాంగి సొంబారి ఆగిపోయిందంటే ఎక్కడో ఖాళీ గోడ కనబడిందన్నమాట. అరచేత్తో దాన్ని తడుముతుంది, నోట్లో చుట్టను ఈ పక్కనుంచి ఆ పక్కకి మారుస్తుంది, తనలో తనే నవ్వుకుంటుంది. ఆమె గోళ్ళసందుల్లో ఎర్రమట్టి ఎప్పుడూ ఉంటుంది. సర్కారు కట్టడాల సొమ్ములో కొంత వాటా గోడబొమ్మలకే పెట్టాలన్న నియమం పుణ్యమా అని, చింతపల్లి కొత్త బస్టాండు గోడ ఆమె చేతికొచ్చింది. బియ్యప్పిండితో నెమళ్ళనీ, కిక్కిరిసిన జీపునీ వేసింది. అందరూ మెచ్చుకున్నారు.

ప్రారంభోత్సవం వాయిదాపడి, కొత్తపంట పండగ దాటాక జరిగింది. ఆ ఉదయం ఇంజనీరు రవిబాబు వచ్చి చూస్తే గోడంతా ఎర్రగా అలికి ఉంది. బొమ్మ ఒక్కటీ లేదు.

"ఏటమ్మా ఇది! కలెక్టరుగారు బయల్దేరిపోయారు!"

"పండగెల్లిపోనాది కద బాబూ. కొత్త గింజ తిన్నాక పాత బొమ్మ ఉంచుతామేటి?" అంటూ సొంబారి పిండిలో వేళ్ళు ముంచింది.

కలెక్టరు వచ్చేసరికి గోడ పొడవునా కొత్త బొమ్మల్లో ఆడవాళ్ళు చేతులు కలిపి థింసా నాట్యం ఆడుతున్నారు. వరస చివర, భుజాన సంచితో, అడుగు తప్పిన ప్యాంటు మనిషొకడు. రవిబాబు తనని తాను గుర్తుపట్టి పకపకా నవ్వాడు.

"వచ్చే ఏడాదైనా నా అడుగు సరిగ్గా వెయ్యమ్మా."

"నువ్వు బేగి నేర్సుకో బాబూ, అలాగే ఏత్తాను."