ఏసుపాదం మేష్టారి తొక్కుడు పడవ

ధవళేశ్వరంలో పాదిరీ గారి బళ్లో లెక్కలు చెప్పే ఏసుపాదం మేష్టారి ఇంట్లో ఆ ఏడు కుట్టుమిషను రెండు ముక్కలైంది. పై భాగం కడియం చేరింది. కాళ్లూ, పెడలూ, పెద్ద చక్రమూ ధవళేశ్వరంలోనే ఉండిపోయాయి. భార్యాభర్తలు కూడా అలాగే చెరో ఊళ్లోనూ ఉన్నారు.

దీనికంతటికీ మొదలు చంద్రరావు గారు. కాలవల ఆఫీసులో పటాలు గీసే ఆయన ఎక్కడో ఓ బొమ్మ చూసి, కాళ్లతో తొక్కితే నడిచే పడవ చేయించాడు. అది చూసి ఊరుకోలేక కొబ్బరితోటల తాతాజీ గారు రెండు పీపాలు జతకట్టి ఇంకొకటి చేయించారు. శనివారం వచ్చిందంటే కాలవగట్టు మీద వీళ్ల కూటమి. మేష్టారు మూడోవాడుగా చేరాడు గానీ ఆయనకి పడవ లేదు. పడవ లేనివాడి మాటకి ఆ గట్టు మీద విలువ లేదు. అవతలివాళ్ల చక్రాలకి ఆముదం పూయడమే వాడి పని. చదువుకున్నవాడు ఎన్నాళ్లని ఆముదం పూస్తాడు? భార్య సంపూర్ణమ్మ ప్రార్థన కూటానికి వెళ్లిన పూట చూసి, ఆవిడ మిషను కాళ్లు విప్పుకుపోయి ఓ పాత దోనెకి బిగించి, పక్కన చెక్కల చక్రం పెట్టి, మిషను తోలుపట్టాతో రెంటినీ కలిపేశాడు.

సంపూర్ణమ్మ వచ్చి చూసింది. ఏడవలేదు, అరవలేదు. క్రిస్మస్‌కి గుళ్లో పాడే పిల్లల కోసం తెల్ల అంగీలు కుట్టి ఇస్తానని అప్పటికే ఒప్పుకుని ఉంది. ఆ గుడ్డంతా మూటగట్టి, మిషను పై భాగం గోనెలో చుట్టి, రాదారి పడవెక్కి పుట్టింటికి పోయింది. అక్కడ ఒక చేత్తో చక్రం తిప్పుతూ, ఒక చేత్తో గుడ్డ తోస్తూ కుడుతోంది. మూరెడు కుట్టేసరికి భుజం పడిపోతోంది.

పడవవాళ్ల చేత మొగుడికి కబురు మాత్రం పంపింది. "ఆ పడవలోనే వచ్చి, ఆ పడవలోనే నన్ను ఇంటికి తీసుకెళ్లమనండి. తీసుకెళ్తే ఆ కాళ్లు ఆయనకే వదిలేస్తాను. లేకపోతే కాళ్లు నా మిషనుకి, ఆయన బడికి."

మేష్టారు ఆ కబురుని గెలుపు కిందే జమకట్టుకుని, వస్తున్నానని తిరుగు కబురు పంపి, డిసెంబరు మొదటి శనివారం పొద్దున్నే గట్టుకి వచ్చాడు.

"బండి చెప్పారా మేష్టారూ?" అన్నారు తాతాజీ గారు.

"బండెందుకండీ?"

"పడవ తిరిగి తెచ్చుకోవద్దేంటండీ?"

కూటమి ఆనవాయితీ అది. ధవళేశ్వరంలో ఎక్కి కిందకి తొక్కుకుంటూ పోవడం, ఎక్కడో దిగి, పడవని ఎడ్లబండి మీద వేయించుకుని రావడం. తిరిగి వచ్చేటప్పుడు ఎందుకు తొక్కరని ఎవరూ ఎవరినీ అడిగినవాళ్లు కారు. కాళ్లు లాగేస్తాయని తాతాజీ గారూ, చెక్కలు అరిగిపోతాయని చంద్రరావు గారూ, అడక్కుండానే చెబుతూ ఉండేవారు. పటాలతో పాటు, కాలవలో నీరు ఎంత వేగంతో పోతోందో లెక్క కట్టి రాయడం కూడా చంద్రరావు గారి కొలువే. శనివారం గట్టుకి వచ్చేటప్పుడు మాత్రం ఆ నీటిని ఆఫీసులోనే వదిలేసి వచ్చేవాడు. పడవ ఎంత వేగంగా పోతే అంత బలమూ తొక్కినవాడి కాళ్లదే అని లెక్క తేల్చేవాడు.

"మా ఆవిణ్ణి పడవలోనే తీసుకొస్తానండీ," అన్నాడు మేష్టారు.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "శుభం," అన్నాడు చంద్రరావు గారు. "సాయంత్రం ఇక్కడే ఉంటాం లెండి."

మేష్టారు తొక్కాడు. చక్రం తిరిగింది, చెక్కలు నీటిని చరిచాయి, గట్టు మీద తాటిచెట్లు వెనక్కి పోయాయి. ఆయన గుండె ఉప్పొంగింది. లాకు దాటిన దగ్గర్నుంచీ నీళ్లలో ఓ ఎండు కొబ్బరికాయ ఆయన పక్కనే వస్తోంది. ఆయన తొక్కినా, తొక్కడం మాని రొట్టె తిన్నా, అది పక్కనే ఉంది. కడియం రేవుకి ఇద్దరూ కలిసే చేరారు.

సంపూర్ణమ్మ మూటా, గోనె పట్టుకుని రేవులోనే నిలబడి ఉంది. కాలవ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. ముందు కొబ్బరికాయని చూసి, తరవాత మొగుణ్ణి చూసింది.

"వచ్చేశారా అండీ?"

"చూశావుగా, ఎంత వేగంగా వచ్చానో!"

"చూశానండి. అదీ వచ్చింది," అని పడవలో కూర్చుంది. "పోనివ్వండి ఇంటికి."

మేష్టారు పడవని ఎదురు తిప్పి తొక్కాడు. చక్రం తిరిగింది, చెక్కలు చరిచాయి. రేవు మాత్రం కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. బట్టలుతుకుతున్న ఆడవాళ్లు చేతులాపి చూస్తున్నారు. కాస్త ఊపిరి తీసుకుందామని ఆగేసరికి పడవ రేవు దాటి కిందకి పోయింది. చచ్చీచెడీ మళ్లీ రేవు దగ్గరికి తెచ్చాడు.

"మన ఊరు దగ్గరపడిందా అండీ?" అంది సంపూర్ణమ్మ.

"మాట్లాడించకే!"

అంతలో ధాన్యం పడవ ఒకటి ఎదురునీటికి వచ్చింది. నలుగురు కళాసీలు గట్టు మీద తాడు లాగుతుంటే సరంగు ముసలయ్య చుక్కాని పట్టుకున్నాడు.

"ముసలయ్యా, మా పడవ కూడా నీ వెనక కట్టుకుంటావా?" అంది సంపూర్ణమ్మ.

"ఆయ్, కట్టుకోవచ్చండి. కానీ నా మనిషొకడికి జొరమండి. మీ బరువు కూడా అంటే లాగేవాళ్లు చాలరండి. మేష్టారు గారు ఓ భుజం వేస్తారేంటండీ?"

సంపూర్ణమ్మ మొగుడి వైపు చూసింది. మేష్టారు కోటు విప్పి, పంచె ఎగగట్టి, తలగుడ్డ కళ్ల దాకా దించుకుని గట్టెక్కాడు.

పడవ కదిలింది. సంపూర్ణమ్మ చెక్కల చక్రానికున్న పట్టా ఊడదీసి, గోనె విప్పి, మిషను పై భాగాన్ని దాని కాళ్ల మీద బిగించి ఆ పట్టానే దానికి తగిలించింది. తెల్లగుడ్డ సూది కింద పెట్టి పెడలు తొక్కింది. ఇన్నాళ్లకి రెండు చేతులూ గుడ్డ మీద ఉన్నాయి. పొద్దు వాలేసరికి రెండు అంగీలు పూర్తయ్యాయి.

ధవళేశ్వరం గట్టు మీద కూటమి ఇద్దరూ ఉన్నారు. ధాన్యం పడవ వెనకాల చిన్న పడవ కనిపించింది. పెడలు ఆడుతోంది. పట్టా లేకపోయినా, ఎదురునీటి తోపుకి పక్కనున్న చెక్కల చక్రం దానంతటదే గిర్రున తిరుగుతోంది. ముందు పడవకి కట్టిన తాడు చంద్రరావు గారి కంటికి ఆనలేదు. మోకు లావు ఉంది ఆ తాడు.

"ఎదురునీటికి వస్తోందండోయ్!" అని ఆయన గంతేశాడు.

"అదీ ఆడమనిషి తొక్కితే!" అన్నారు తాతాజీ గారు. "మేష్టారేరీ? అత్తారింటి దగ్గరే ఉండిపోయారా? మేష్టారూ!"

కళాసీలు వాళ్లిద్దరి పక్కనించే, పంచెలకి తగిలేంత దగ్గరగా నడిచిపోయారు. ఆ పెద్దమనుషులిద్దరూ ఎప్పుడూ తాడు లాగేవాళ్ల మొహాలు చూసి ఎరగరు. ఇవాళా చూడలేదు.

"మేష్టారండీ," అన్నాడు వెనకాల కళాసీ గొంతు తగ్గించి. "ఆ బాబులు మిమ్మల్నే పిలుస్తున్నారేమోనండి."

"ముందుకి చూసి లాగవయ్యా," అన్నాడు ఏసుపాదం మేష్టారు.