సొంత డబ్బా

నేను కక్ష పెట్టుకునే మనిషిని. ముందే చెప్పేస్తే మంచిది. మా అమ్మ దాన్ని మొండితనం అంటుంది. నేను మాత్రం జ్ఞాపకశక్తి అనుకుంటాను.

అప్పట్లో కడపలో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. కంప్యూటర్లో సీడీలు రాసుకోవడం అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఊళ్లో ఒక బట్టల షావుకారు ఉండేవాడు. ఆదివారం పొద్దున మేడ మీది గదిలో నలుగురైదుగురిని కూర్చోబెట్టి గ్రామఫోన్ రికార్డులు వినిపించేవాడు. ఆయన ఆంప్లిఫయర్ గుర్రుమంటుంటే బాగు చేయడానికి వెళ్లాను. అలా ఆ గదిలో నాకూ ఒక కుర్చీ దొరికింది. వినడం అరగంట, వాదన రెండు గంటలు. వాట్లు ఎక్కువుంటేనే పాటకు బలం అన్నది ఆయన మొదటి మాట. సీడీలో ఉండేవి వట్టి అంకెలు, ప్రాణమంతా రికార్డులోనే అన్నది రెండో మాట. మూడో మాట ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

మాది కోయిలకుంట్ల. నాయన పెళ్లిళ్లకు, చర్చి మీటింగులకు మైకు సెట్టు పెట్టేవాడు. ఊళ్లోని పాత సినిమా హాలువాళ్లు కొత్త సామాను తెచ్చుకుని, తెర వెనక ఉన్న స్పీకర్లను అవతల పారేస్తే నాయన ఇంటికి మోసుకొచ్చాడు. పడగొట్టిన ఇంటి టేకు తలుపులు తెచ్చి, ఆరు నెలలు చిత్రిక పట్టి వాటికి రెండు పెట్టెలు చేశాడు. ఎనిమిది వాట్ల వాల్వు ఆంప్లిఫయర్ కూడా ఆయనే చేసుకున్నాడు. ఆ ఎనిమిది వాట్లకే వీధి చివరిదాకా వినిపించేది. "పిల్చినెంటనే పలికే మనిషిని గొంతు చించుకోని పిలవాల్నా? స్పీకరూ అంతే" అనేవాడు. నేను క్లాసులో అరగంట చెప్పే సంగతి అది.

ఒకసారి షావుకారు ఏదో పెళ్లికని మా ఊరికి వచ్చాడు. వెంట ఇద్దరు స్నేహితులున్నారు. మా నాయన స్పీకర్లు వినిపిస్తానని నేనే ఇంటికి పిలిచాను, నా బుద్ధి గడ్డి తిని. నాయన తెల్ల చొక్కా వేసుకుని, పెట్టెలను గుడ్డతో తుడిచి, సీడీ పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"ఎన్ని వాట్లప్పా?" అన్నాడు షావుకారు.

"ఎనిమిది."

"మా ఇంట్లో ట్యూబులైటే నలభై వాట్లు ఉండాది గదప్పా." స్నేహితులు నవ్వారు. "అందులోనూ సీడీ పెట్టి వింటాండావు. ఇవి స్పీకర్లు కాదప్పా, డబ్బాలు. జొన్నలన్నా పోసుకోండి."

పాట మొదలై నిమిషం కాకముందే పెళ్లికి టైమైందని లేచి వెళ్లిపోయాడు. నాయన చెయ్యి ఇంకా వాల్యూం మీదే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చిన వాళ్లు కదా, గుమ్మందాకా సాగనంపాను.

మర్నాడు నాయన పెట్టెల మీద పాత దుప్పటి కప్పాడు. నెల తర్వాత అమ్మ వాటి మీద ఉల్లిగడ్డల గంప పెట్టింది. ఆయన ఏమీ అనలేదు. అది కూడా ఓర్చుకునేదాన్నేమో. కానీ ఒకరోజు "చెత్తబుట్ట యాడ పెట్టినావే?" అని అమ్మ అడిగితే, "ఆ డబ్బాల పక్కన ఉండాది" అన్నాడు. తన చేత్తో చిత్రిక పట్టిన పెట్టెలను ఆయనే డబ్బాలన్నాడు. షావుకారును వదలకూడదని ఆ క్షణమే అనుకున్నాను.

ఏడాది పట్టింది. ఈలోపు ప్రతి ఆదివారం వెళ్లి, ఆయన కాఫీ తాగి, ఆయన సొంత డబ్బా కొట్టుకుంటుంటే తలూపుతూ కూర్చున్నాను. ఆయనకు ప్రాణమైన నాదస్వరం రికార్డు ఒకటుండేది. దాని మీద గీత పడి, రెండో నిమిషంలో టిక్కుమనేది. "ఆ టిక్కు కూడా నాకు సంగీతమే" అనేవాడు. శుభ్రం చేసిస్తానని ఆ రికార్డు అడిగి తెచ్చుకున్నాను. కాలేజీ ల్యాబులో టిక్కుతో సహా సీడీ మీదికి ఎక్కించి, రికార్డును శుభ్రంగా తుడిచి తిరిగిచ్చాను.

మా కాలేజీలో ప్రదర్శన జరిగినప్పుడు ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిపించాను. ప్రదర్శనకు కావాలని చెబితే నాయన పెట్టెలు పంపడానికి మొదట ఒప్పుకోలేదు. "ఆ డబ్బాలెందుకమ్మా నలుగుర్లో" అన్నాడు. బతిమాలి వ్యానులో వేయించి, ఆయన్నీ వెంట తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను. పెట్టెలు, ఆంప్లిఫయర్, సీడీ ప్లేయర్ తెర వెనక పెట్టాం. వేదిక మీద షావుకారు దగ్గర అడిగి తెచ్చిన రికార్డు ప్లేయరు, దాని మీద ఆయన నాదస్వరం రికార్డు. దాని వైరు దేనికీ తగిలించలేదు. నేను ముల్లు దించగానే తెర వెనక మా ల్యాబ్ అటెండరు మీట నొక్కాడు.

నాదస్వరం హాలంతా నిండింది. షావుకారు మెడలో దండతో, కళ్లు మూసుకుని విన్నాడు. టిక్కు వచ్చినప్పుడు చిన్నగా నవ్వాడు. నాదస్వరం ఇంకా సాగుతుండగానే మైకు అందుకున్నాడు. "చూడండి పిల్లలూ, రికార్డంటే ఇదీ. సీడీలో ఈ ప్రాణం యాడుంటాది? తెర వెనక ఉండేది ఎవురిదో గానీ, రెండు నూర్ల వాట్లకు తక్కువ లేదు" అన్నాడు.

నేను వెళ్లి ముల్లు పైకెత్తాను.

నాదస్వరం ఆగలేదు.

హాల్లో ఒక్కొక్కరికే అర్థమవుతూ వచ్చింది. వెనక వరసల్లో నవ్వు మొదలైంది. అప్పుడు తెర పక్కకు లాగాను. మా పెట్టెలను ఆయన గుర్తుపట్టాడు. ముఖం మాడిపోయింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఇప్పటికీ ఆ ముఖం తలచుకుంటే అన్నం ఒక ముద్ద ఎక్కువే తింటాను.

దండ తీసి కుర్చీ మీద పెట్టి, రికార్డు చంకలో పెట్టుకుని, పోతూ పోతూ నాయన ముందు ఆగాడు.

"ఎనిమిది వాట్లేనా?"

"ఎనిమిదేప్పా. ఈ హాలుకు నాలుగే శానా" అన్నాడు నాయన.

ఆ తర్వాత ఆదివారాలు నన్ను ఎవరూ పిలవలేదు. నేనూ పోలేదు.

వ్యానులో నాయన జమ్మలమడుగు దాటేదాకా నన్ను తిట్టాడు. "ఆయప్ప కండ్లు మూసుకోని వింటాన్నాడమ్మా. అట్ల వినే మనిషిని నలుగుర్లో నవ్వులపాలు చేస్తారా?"

"నిన్ను చేసినప్పుడు?"

 ఇంటికొచ్చాక నాయన పెట్టెలను యథాస్థానంలో దించుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున అమ్మ అలవాటుగా ఉల్లిగడ్డల గంప తెచ్చి వాటి మీద పెట్టింది. పళ్లు తోముకుంటున్న నాయన పుల్ల నోట్లోంచి తీశాడు.

"ఎవురన్నా పెట్టెల మింద గంప పెడతారా? తియ్యి" అన్నాడు.