మొద్దు కింద నిప్పు

ఈ రోజు ఉదయం నా వల్ల ఒక తప్పు జరిగింది. ఇంటి ముందు షెడ్డు వేద్దామని పోయిన నెల వేపచెట్టు కొట్టించాను. మాను ట్రాక్టరులో పోయింది గానీ మొద్దు మిగిలింది. మా గల్లీలోకి జేసీబీ రాదు, గొడ్డలి ఎత్తే బలం నా భుజాలకు లేదు. అందుకని నాలుగు రోజుల కింద మొద్దు నడుమ గుంత చేయించి, బొగ్గు నిప్పులు పోసి, పిడకలు కప్పి కాలబెట్టాను. నిన్న సాయంత్రం రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి, పైన మట్టి వేసి, చెప్పులతో నాలుగు తొక్కులు తొక్కి, టీవీలో మ్యాచ్ చివరి ఓవర్లు పోతాయని లోపలికి వెళ్ళిపోయాను. మొద్దు ఆరింది, దాని వేరు ఆరలేదు. అది నేల కింద మెల్లగా కాలుతూ గోడ దాటి పక్కింటి వాకిట్లోకి పోయింది. పొద్దున బట్టలు ఆరేయడానికి వచ్చిన పక్కింటి వదిన అడుగు వేసిన చోట మట్టి కుంగి, పాదం నిప్పుల్లోకి దిగింది.

కప్పిన నిప్పు చచ్చిన నిప్పు కాదని బొగ్గుబావిలో బతుకంతా గడిపిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కేక విని నేను గేటు దాకా వచ్చేసరికి, వదిన కొడుకు గల్లీ ఊడ్చే సఫాయి అక్క మీద విరుచుకుపడుతున్నాడు. "గోడ పొంటి చెత్త కాలవెట్టకుమని ఎన్నిసార్లు చెప్పిన? ఇయ్యాల్నే మీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్త. రేపటి సంది ఈ గల్లీల కనవడొద్దు!" ఆమె చీపురు చంకలో పెట్టుకుని, "నా కాడ అగ్గిపెట్టెనే లేదు సారూ, కావాల్నంటే కొంగు ఇప్పి సూడు" అంటోంది. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు నా కళ్ళ ముందు మెదిలింది ఆ వాకిలి కాదు, ఎన్నడో కాల్చిన ఒక చింత మొద్దు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. కమాన్‌పూర్ దిక్కున ఓపెన్‌కాస్టు బొగ్గుగని కోసం మా ఊరి భూములు తీసుకున్నారు. తవ్వకం మొదలయ్యే ముందు చెట్లు కొట్టి, మొద్దులు పెకలించే పనిని ఒక కాంట్రాక్టరు పట్టాడు, మా చెట్లు కొట్టే కూలికి మేమే పోయాం. చిన్న మొద్దులైతే చుట్టూ తవ్వి, పక్క వేర్లు నరికి, గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగేవాళ్ళం. పెద్ద చింతలు గొలుసుకు లొంగేవి కావు, వాటిని కాల్చాల్సిందే. మా ముఠాకు పెద్ద మా నాన్నకు తమ్ముడి వరస అయ్యే కాక. మా అమ్మమ్మ కుంకుడుకాయలు కొట్టడానికి కూర్చున్నట్టు ఆయన మొద్దు పక్కన గొంతుకూర్చుని, వేర్లు ఎటు పోయాయో వేలితో నేల మీద గీసి చూపించేవాడు. ఆర్పడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. నీళ్ళు పోశాక ఒక్కొక్క వేరు వెంబడి నడుస్తూ, అడుగడుక్కూ మట్టి మీద అరచేయి ఆనించేవాడు. "నిప్పును కండ్లతోని సూసుడు కాదు పిలగా, అరచెయ్యితోని సూడాలె. బీడీ ఒడిసేదాక చెయ్యి తియ్యకు" అనేవాడు.

ఆ రోజు చింత మొద్దు ఆర్పే వంతు నాది. గోదావరిఖనిలో సినిమా మొదటాటకు పోవాలని నా తొందర. కాక నవ్వి, "హీరోయిన్ యాడికి వోదురా, నువ్వచ్చేదాక ఆగుతది తియ్" అన్నాడు. నేను నీళ్ళు పోసి, మట్టి కప్పి, చేయి ఆనించకుండానే "చూసిన కాకా, సల్లారింది" అని చెప్పి సైకిలెక్కాను. ఆయన నా మాట నమ్మాడు.

మర్నాడు పొద్దున లోపల ఆరని దాని వేరు మీద కాలు మోపింది ఆయనే. పిక్క దాకా నిప్పుల్లోకి దిగింది. కాంట్రాక్టరు మనిషి వచ్చి, "ఆర్పినోడెవడు?" అని గద్దించాడు. భూమి పోయినవాళ్ళకు గనిలో కొలువులిచ్చే జాబితాలో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి, వైద్య పరీక్ష ఇంకో పది రోజుల్లో ఉంది. నా మీదికి వస్తే ఎక్కడ పేరు కొట్టేస్తారోనన్న భయంతో, "కాకనే చూసి చాలన్నడు" అనేశాను. మంచం మీద మోసుకుపోతుండగా కాక తల తిప్పి నన్ను చూశాడు. కాదనలేదు.

పరీక్షలో నేను నెగ్గాను. ఆయన కాలు మానేసరికి వేళ్ళు ముడుచుకుపోయాయి, పనికిరాడన్నారు. మళ్ళీ పిలుపు వచ్చేనాటికి వయసు దాటింది. నేను హెల్మెట్ పెట్టుకుని షిఫ్టుకు పోతుంటే, ఆయన కుంటుకుంటూ ఒక టింబర్ డిపోకు కాపలాకు పోయేవాడు. దారిలో ఎదురుపడితే "డ్యూటీకా?" అని మాత్రం అడిగేవాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అడిగినా నాకు కొంత తేలికయ్యేది. నాలుగేళ్ళ కింద పోయాడు. దహనానికి పోయాను, చితికి దూరంగా నిలబడ్డాను.

గేటు దగ్గర ఇదంతా తలుచుకునేందుకు పట్టింది ఎంతసేపో నాకు తెలియదు. వదిన కొడుకు ఫోను చెవికి పెట్టుకోగానే గేటు తీశాను. "ఆపు బిడ్డా, ఆమె కాదు. నేను కాలవెట్టిన మొద్దు అది" అన్నాను. అతను నన్ను కింది నుంచి పైదాకా చూసి, "బావిల పనిచేసినోనివేనా నువ్వు?" అన్నాడు. సఫాయి అక్క నన్ను తిట్టలేదు, చెంగుతో మొహం తుడుచుకుని పక్క గల్లీకి పోయింది. వదినను ఆటోలో దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించాను. వచ్చి గడ్డపార పట్టి వేరు వెంబడి గోడ దాకా, గోడ అవతల వాకిలి చివరి దాకా తవ్వాను. నీళ్ళు పోసి, మోకాళ్ళ మీద పాకుతూ అడుగడుక్కూ అరచేయి ఆనించాను. బీడీ మానేసి ఎన్నో ఏళ్ళయింది, అందుకని వంద అంకెలు లెక్కపెట్టాను.

తరువాత బస్సెక్కాను. మా ఊరివాళ్ళకు ఇళ్ళ స్థలాలిచ్చిన కాలనీలో చిన్నమ్మ, అంటే కాక భార్య, కొడుకు దగ్గర ఉంటోంది. దారిలో మా ఊరు ఉండాల్సిన చోట మట్టి గుట్టలూ వాటి వెనక లోతూ తప్ప ఏమీ కనిపించలేదు. చెట్లు పోయాయి, మొద్దులు పోయాయి, వేర్లు పట్టుకున్న నేల కూడా లారీలెక్కి పోయింది.

చిన్నమ్మకు అంతా చెప్పాను.

"ఆయనకెరికేనా?"

"ఎరికే."

"మరి నాకెందుకు చెప్పలే?" అంది. ఆ ప్రశ్న నాకు కాదు, గోడకున్న కాక ఫోటోకు. తర్వాత నా వైపు తిరిగింది. "సోయి లేక నీ కాలు నువ్వే కాల్చుకున్నవని పొద్దుమాపు తిట్టిన గదరా. సచ్చేదాక తిట్టిన. ఆయన ఒక్కనాడన్న నీ పేరు తియ్యలే."

క్షమించానని ఆమె అనలేదు. లేచి వంటింట్లో ఉన్న కోడలిని పిలిచింది, పక్కింటికి పోయిన కొడుకును పిలిపించింది. నన్ను ఫోటో ముందు నిలబెట్టి, "వీళ్ళు గూడ గట్లనే అనుకుంటున్నరు. మల్లొక్కపారి చెప్పు. జర గట్టిగ చెప్పు" అంది.

చెప్పాను.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గోడ దగ్గర తవ్వినప్పుడు బొబ్బలెక్కిన అరచేతిని చూసుకుంటూ వచ్చాను. చింత మొద్దు ఉండిన చోట, ఈ చేతిని ఆనించి చూసేందుకు ఇప్పుడు నేలే లేదు.