కొస దొరకని పెట్టె

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మేడ మీద గదిలో మేం నలుగురం దయ్యాల వేటకు బయల్దేరుతాం. బడిలో సైన్సు చెప్పే మనిషివి, నీకిదేం పిచ్చి అని ఎవరైనా అడిగితే, ఒకసారి వచ్చి ఆడి చూడమంటాను. ఆట తేలికే. ఒకరు కథ నడుపుతారు. ఆ ఒకరూ నేనే. మిగతా ముగ్గురూ కథలో ఒక్కో మనిషి వేషం కట్టి, ఇప్పుడు తలుపు బద్దలు కొడతాననో, నది ఈదుతాననో చెప్తారు. కొట్టగలిగారా, ఈదగలిగారా అన్నది పాచికలు తేలుస్తాయి.

మొన్న నడిపిన కథలో ఒక ఆత్మ నదిలో పడవలను ముంచుతూ ఉంటుంది. దాన్ని ఒక మాయపెట్టెలో బంధించాలి. ఆటతో వచ్చిన పుస్తకంలో అది ఇనుప పెట్టె, దానికి మూడు తాళాలు. నాకు నచ్చలేదు. కరీంనగర్‌లో వెండి తీగపని చేసే ఇంట్లో పుట్టినదాన్ని, ఇనుప పెట్టెను ఎందుకు ఊహించుకుంటాను? వెండి తీగతో అల్లిన పెట్టె అన్నాను. సన్నటి తీగను మెలిపెట్టి, ఆకులుగా పూలుగా చుట్టి, కదలకుండా గురివింద గింజలు నూరిన జిగురుతో నిలిపి, వెలిగారం చల్లి మంటతో అతికిన పెట్టె. మా బాపు, అంటే మా నాన్న, చేసిన చిన్న అత్తరుదానిని నమూనాగా బల్ల మధ్యలో పెట్టాను కూడా.

మాలో ఒకాయన చొప్పదండిలో మందుల దుకాణం నడుపుతాడు. ఈ ఆట కోసమే వారం వారం బస్సెక్కి వస్తాడు. ఆయన అత్తరుదానిని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చాలాసేపు చూశాడు.

"అక్కా, అన్నీ సందులే ఉన్నయి గదా. ఇందుల నీళ్లే ఆగయి. ఆత్మ ఎట్ల ఆగుతది?"

మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఆయన అడిగింది సరైన ప్రశ్న. వచ్చే వారం చెప్తానని ఆటను అక్కడే ఆపేశాను.

ఇక ఆ వారమంతా నాకు అదే ధ్యాస. పాఠం చెప్తున్నా అదే, కూర తరుగుతున్నా అదే. మంత్రం వేసి ఉందని చెప్పొచ్చు. కానీ మంత్రంతోనే ఆగేటట్టయితే పెట్టెతో పనేముంది, ఆత్మను అరటిపండు తొక్కలో కూడా పెట్టొచ్చు. సందుల్లో కంటికి కనిపించని గాజు ఉందని చెబుదామని కూడా అనుకున్నాను. నాకే చిరాకేసింది. బాపును అడిగితే తేలిపోతుందని తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇంటర్ అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో నేను రెండు నెలలు బాపు పక్కన కూర్చుని ఒక పెట్టె చేశాను. ఆయన దగ్గర ఒక పరీక్ష ఉంటుంది. పని పూర్తయ్యాక పట్టుగుడ్డతో వస్తువంతా తుడుస్తాడు. ఎక్కడైనా పోగు తట్టుకుందంటే అక్కడ తీగ కొస దాగకుండా మిగిలిపోయినట్టు. నా పెట్టెకు పోగు తట్టుకుంది. బాపు తిట్టలేదు. చాలు బిడ్డా, పోయి చదువుకో అని పెట్టెను తీసుకుని లోపలికి వెళ్లాడు. మా ఇంట్లో చెడిన పనిని కరగబెడతారు. నాదీ ఆ రోజే కరిగిపోయిందనుకున్నాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో నేను ఆయన కుంపటి ముందు కూర్చోలేదు, ఆయనా పిలవలేదు. నా చేతులు పనికిరానివా బాపూ అని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అడగలేదు. అవునంటాడేమోనని భయం.

గురువారం బడి నుంచి రాగానే ధైర్యం చేసి, కింద గదిలో పనిలో ఉన్న బాపును నా చేతుల సంగతి కాకుండా ఆత్మ సంగతి అడిగాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన తీగను పట్టే చిమటా కింద పెట్టి, అది ఎసొంటి ఆత్మ, పడవలెందుకు ముంచుతుంది అని నన్నే అడిగాడు. అంతవరకు నేను ఆలోచించనే లేదు. తర్వాత తీగ ముక్క ఒకటి తీసి వేలికి చుట్టుకుంటూ చెప్పాడు.

"అది సందులకెల్లి పోదు బిడ్డా. తీగ పట్టుకొని పోతది. కొస ఏడున్నదా అని దేవులాడుతది. కొస దొరికిందా, బయట పడ్డట్టే. మంచిగ చేసిన పెట్టెల కొస దొరకది."

నేను నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నదానికి ఐదు నిమిషాల్లో జవాబు. సంతోషంతో పాటు కాస్త కుళ్లు కూడా కలిగింది. లేచి వస్తుంటే, మరి ఆ ఆత్మ ఎన్నడు బయటికొస్తదని అడిగాడు. రాదు, అక్కడితో కథ అయిపోతుందన్నాను. ఆయన మొహంలో అది నచ్చినట్టు కనబడలేదు.

ఆదివారం బాపు చెప్పిన మాటే చెప్పాను. మందుల దుకాణమాయన అత్తరుదాని మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసి, కొస దొరక్క ఒప్పుకున్నాడు. పాచికలు కూడా వాళ్లవైపే పడ్డాయి. ఆత్మ పెట్టెలో చిక్కింది. ముగ్గురూ చప్పట్లు కొడుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మోకాళ్ల నొప్పులని మేడ ఎక్కడమే మానేసిన బాపు, గోడ పట్టుకుని పైకి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, తానూ ఒక మాట చెప్పొచ్చా అని అందరినీ అడిగాడు. జేబులోంచి పట్టుగుడ్డ మూట తీసి విప్పాడు.

నల్లబడిన చిన్న వెండి పెట్టె. మూత మీద మామిడి పిందె ఒక పక్కకు వంకరగా ఉంది. ఆ వంకర నాదే. దాన్ని సరిచేయడానికి నేను మూడు రోజులు అవస్థపడ్డాను.

బాపు అదే గుడ్డతో దాన్ని మెల్లగా తుడిచాడు. పోగు తట్టుకుంది.

"ఆత్మను గీ పెట్టెల పెట్టుండ్రి. దీనికి కొస ఉన్నది," అన్నాడు వాళ్లతో.

వాళ్లు ముగ్గురూ పెట్టె మీదికి వంగారు. దీన్ని కరగబెట్టలేదా అని నేను అడిగాను. బాపు తల అడ్డంగా ఊపాడు. మరి కొస ఎందుకు మూయలేదన్నాను.

"నీ పెట్టె గదా. నేనెట్ల మూస్త?"

"సదువుకో పో అన్నది నువ్వే గద బాపు."

"పొమ్మన్న. మళ్ల రావద్దన్ననా?"

ఇరవై ఏళ్లు నేను అనవసరంగా భయపడ్డాను. ఆయన కూడా ఒక్క మాట నోరు తెరిచి చెప్పలేదు. నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. అందరి ముందు ఏడవడం ఇష్టంలేక పాచికలు తీసి, ఆత్మ తరఫున వేయమని మందుల దుకాణమాయన చేతిలో పెట్టాను. మూడోసారి వేసినప్పుడు ఆత్మకు కొస దొరికింది. ఎటు పోయిందని వాళ్లడిగితే, వచ్చిన చోటికే అని చెప్పాను.

వాళ్లను బస్టాండుకు సాగనంపి వచ్చి, పెట్టె పట్టుకుని బాపు గదిలోకి వెళ్లాను. కుంపటిలో బొగ్గులు రాజుకుని ఉన్నాయి. ఆయన పీట పక్కన ఇంకో పీట వేసి ఉంది. రాయి మీద గురివింద జిగురు అప్పటికే నూరి పెట్టాడు.