వ్రతకథ కింద మిగిలిన పాట

మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం కథ ఈనాటికీ క్యాసెట్లోనే వింటాం. పురోహితులు దొరకని రోజుల్లో మొదలైన అలవాటు, వాళ్లు ఫోన్ చేస్తే చాలు వచ్చే రోజులు వచ్చినా పోలేదు. కథ అయి, హారతి పాట కూడా అయి, చివర్లో మంగళం వినపడగానే, చేతిలో హారతి పళ్లెం ఉన్నా సరే, పరుగెత్తుకెళ్లి టేప్‌రికార్డర్ ఆపేసేదాన్ని. ఒక్క క్షణం ఆలస్యమైతే అదే టేపులో ఒక నల్లజాతి ఆవిడ గొంతెత్తి సోల్ పాట అందుకుంటుంది. పేరంటాళ్లు ఉలిక్కిపడతారు. ఏటేటా అదే పరుగు. "అమ్మ రన్నింగ్ రేస్" అని మా అమ్మాయి నవ్వేది. ఎందుకు పరుగెడతానో దానికి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ గొంతు ఎవరిదో ఇప్పుడు చెబుతాను. డెబ్బై దాటాయి, ఇంకా కడుపులో దాచుకుని ఏం చేసుకోను?

పెళ్లయిన కొత్తలో డెట్రాయిట్‌లో ఉండేవాళ్లం. మావారు ఆసుపత్రిలో డాక్టరుగా రెసిడెన్సీ చేసేవారు. పొద్దున్న వెళ్తే మర్నాడు సాయంత్రానికి గానీ ఇల్లు చేరేవారు కాదు. పాత ఇల్లు, పైభాగంలో మేము, కింద ఆ పాట ఆవిడా, ఆవిడ పదేళ్ల కూతురూ. ఆవిడ అదే ఆసుపత్రి వంటగదిలో పనిచేసేది. నాకు ఇరవై ఒక్కటి. బయట మోకాలి లోతు మంచు, లోపల పలకరించే దిక్కు లేదు. శనివారం వస్తే చాలు, పొద్దున్న ఎనిమిదింటికి కింద రికార్డు మొదలు. ఆ డ్రమ్ము దెబ్బకి నా అలమరలో గ్లాసులు వణికేవి. నాకు ముక్కు మీదే కోపమని మా అమ్మ ఊరికే అనేది కాదు. మూడో శనివారం ఇక ఆగలేక, ఆపవే తల్లీ అని అరుస్తూ మడమతో నేలను దబదబా బాదాను.

పాట ఆగింది. కాసేపటికి తలుపు చప్పుడైంది. తలకి గుడ్డ కట్టుకుని, చేతిలో దుమ్ము తుడిచే పాతగుడ్డతో ఆవిడ. ముఖం నిండా నవ్వు.

"పైన ఒక్కదానివే డాన్స్ చేస్తావేంటి బేబీ? కిందకి రా" అంది.

ఓరి నా ఖర్మ అనుకున్నాను. కాదని చెప్పడానికి నా ఇంగ్లీషు చాల్లేదు. వెళ్లాను.

శనివారం రికార్డులు పెట్టి ఇల్లంతా కడగడం వాళ్లమ్మ దగ్గర నేర్చిన పద్ధతట. హుషారు పాటకి నేల తుడవాలి, నెమ్మది పాటకి దుమ్ము దులపాలి, ఏడుపు పాట వస్తే ఎక్కడివాళ్లక్కడ కూర్చుని కాఫీ తాగాలి. నాకు సోల్ పాటలంటే అదీ పరిచయం. చర్చిలో ఆరితేరిన గొంతులు ప్రేమ గోడు వెళ్లబోసుకుంటుంటే నేను బకెట్ పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. ఇప్పటికీ ట్రంపెట్లతో మొదలయ్యే పాట ఏది విన్నా ముందు ముక్కుకి ఆ ఇంటి ఫినాయిలు వాసన తగులుతుంది. బుకాయించే మొగుణ్ణి ఒకావిడ కడిగి పారేసే పాట ఒకటుండేది. అది వస్తే ఇద్దరం చీపుళ్లు పైకెత్తేవాళ్లం.

వదిలి వెళ్లిన మనిషిని వెనక్కి రమ్మని బతిమాలే పాట మాత్రం నాకు పురిటి నొప్పుల పాట. మావారు డ్యూటీలో ఉన్నారు. మంచులో ఆవిడే కారు నడిపింది. రేడియోలో ఆ పాట. నాకు నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ దాంతోపాటు పాడుతూ గొంతు పెంచేది, నేను ఎంత అరిచినా సిగ్గుపడక్కర్లేకుండా. మా అమ్మాయిని మా ఇద్దరి తర్వాత మొదట ఎత్తుకున్నది ఆవిడే.

పాపకి రెండేళ్లప్పుడు మావారికి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది. బయల్దేరే రోజు ఆవిడ ఒక క్యాసెట్ చేతిలో పెట్టింది. రికార్డు తిరుగుతుంటే దాంతోపాటు తనే పాడి, ఒక వైపంతా నింపింది. "అక్కడ శనివారాలు నీచేత ఇల్లెవరు తుడిపిస్తారు?" అంది. ఇద్దరం ఏడ్చాం.

డాలస్ పక్కన మొదటి నాలుగేళ్లూ శనివారం శనివారం ఆ క్యాసెట్ పెట్టుకునే ఇల్లు తుడిచాను. ఆవిడ క్రిస్మస్ కార్డులు పంపేది. నేను రెండేళ్లు జవాబు రాశాను. ఈలోపు ఆ ఊళ్లో మన తెలుగువాళ్లు పెరిగారు, భోజనాలు, పేరంటాలు. ఒక శనివారం మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఒక డాక్టరుగారి భార్య గంట ముందే వచ్చేసింది. మా గుంపులో ఆవిడ మాటే మాట. టేపు మోగుతోంది, నా చేతిలో తుడుపు కర్ర.

"ఇదేంటండీ, మీ ఇంట్లో ఈ నల్లవాళ్ల పాటలు? ఎవరీవిడ, మీకు తెలిసినావిడా?" అంది.

స్నేహితురాలండీ అంటే సరిపోయేది. "అబ్బే, డెట్రాయిట్‌లో మా ఇంట్లో పనిచేసేదండీ" అన్నాను.

"ఓహో, అక్కడ పనిమనుషులు కూడా దొరికేవారా! అదృష్టవంతులండీ" అని ఆవిడ సోఫాలో కూర్చుంది. ఆరేళ్ల మా అమ్మాయి నా చీర కొంగు పట్టుకుని పక్కనే ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేను ఊరు మంచి చేసుకోవడానికి నోరు పాడుచేసుకున్నాను.

ఆ తర్వాత ఆ క్యాసెట్ పెడితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. శ్రావణమాసంలో ఆ డాక్టరుగారి భార్యే వ్రతకథ క్యాసెట్ ఇచ్చి, కాపీ చేసుకోమంది. ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. షాపు పది నిమిషాల దూరం. వెళ్లలేదు. డెట్రాయిట్ ఆవిడ క్యాసెట్‌కి రెండో వైపు ఖాళీగానే ఉంది, అదీ వాడలేదు, ఆవిడ పాటల మీదే కథ రికార్డు చేశాను. కథతో ఆ వైపు పూర్తిగా నిండలేదు. చివరి పాట, మూడు నిమిషాలది, మిగిలిపోయింది. అది చెరపడం ఎంతసేపు? చేతులు రాలేదు. పోనీ విందామా అంటే అదీ చేతకాలేదు.

పోయిన నెల ఒక ఫోన్ వచ్చింది. ఆవిడ కూతురు. అరవై వచ్చుంటాయి. ఇంటర్నెట్‌లో మా అమ్మాయిని పట్టుకుని నంబరు తీసుకుందట.

"గుర్తున్నానా? మీ పాపని ఆడించేదాన్ని. అమ్మ పోయింది. శనివారం చర్చిలో అంత్యక్రియల సర్వీస్. లింక్ పంపిస్తాను, చూడండి" అంది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. "అమ్మ పాట మా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఫోన్లో ఉన్నవన్నీ జబ్బు చేశాక మాట్లాడినవే. పైనింటి అమ్మాయికి టేపు నిండా పాడి ఇచ్చానని చివరిదాకా చెప్పేది. అది ఉందా మీ దగ్గర?"

"వెతుకుతాను" అన్నాను. వెతకడమేంటి, నా మొహం! పూజగది సొరుగులో, కుంకుమ భరిణె పక్కనే ఉంది.

గురువారం మా అమ్మాయి టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం తెచ్చింది. "అమ్మా, ఈసారి రన్ చేయకు" అంది. కథంతా విన్నాం. మంగళం అయింది. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. పట్టి కూర్చున్నాను. నిండు గొంతుతో ఆవిడ పాట వచ్చింది, అయిపోయింది.

"ఇక ఆపెయ్" అన్నాను.

"వెయిట్, టేప్ ఇంకా తిరుగుతోంది."

కాసేపు గరగర. తర్వాత ఆవిడే, పక్కన పిల్ల నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడింది. ఇల్లు తుడిచిన రోజుల్లో చివరి పాట అవగానే టేపు వెనక్కి తిప్పేసేదాన్ని, పాటల తర్వాత మాటలున్నాయని నాకు ఈ నలభై ఏళ్లూ తెలియనే తెలియదు.

"బేబీ, ఒక మాట. ఆ మొదటి రోజు నువ్వు డాన్స్ చేయట్లేదని నాకు తెలుసు. అంత కోపంగా బాదితే ఎవరికి తెలీదు? ఒంటరిగా ఉన్నవాళ్లే అలా బాదుతారు. అందుకే పైకొచ్చా. అక్కడ కూడా ఒంటరిగా అనిపిస్తే బాదు. ఎవరో ఒకరు వస్తారు."

నాకు ఏడుపు ఆగలేదు. మా అమ్మాయి అయోమయంగా చూసింది. "ఈవిడ మన మెయిడ్ కదా అమ్మా? నువ్వే చెప్పావు."

ఆ రోజు కొంగు పట్టుకుని విన్న మాట. ఇన్నేళ్లూ అది అదే నిజమనుకుంది. తనని మంచులో ఈ లోకంలోకి తెచ్చిన మనిషిని పనిమనిషనుకుంది. "కాదు" అని మొత్తం చెప్పాను. అది వైర్లు చుట్టడం మొదలుపెట్టింది.

డెట్రాయిట్‌లో ఆవిడ కూతురికి ఫోన్ చేశాను. మూడు నిమిషాల పాటా, నాలుగు మాటలూ తప్ప మిగలలేదని, మిగతాదాని మీద మా పూజ కథ రికార్డు చేశానని చెప్పాను.

ఆమె "పూజే కదా. అమ్మ ఏమీ అనుకోదులెండి" అంది. అక్కడితో ఊరుకుంటే తప్పించుకునేదాన్ని.

"పూజ కోసం కాదమ్మా. మావాళ్ల ముందు సిగ్గుపడి చెరిపాను. మీ అమ్మని మా పనిమనిషని చెప్పాను" అన్నాను.

అవతల కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు. అది కూడా ఆగింది. "ఫైల్ పంపండి" అని పెట్టేసింది. మా అమ్మాయి పంపింది. "అందింది" అని ఒక్క మాట జవాబు వచ్చింది. సర్వీస్ లింక్ రాలేదు.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి హాల్లో కార్పెట్ చుట్టి పక్కన పెట్టి, నేల తుడుస్తూ ఆ మూడు నిమిషాలూ ఇల్లు అదిరేలా పెట్టాను. పాట అయ్యాక మడమతో నేలను బాదాను. ఈ ఊళ్లో ఇళ్లకి కింద ఇంకో ఇల్లు ఉండదు. కాంక్రీటు పలక, దాని కింద మన్ను. మడమ వాచేదాకా బాదాను. ఎవరూ రాలేదు.