జర్మనీ కాసు అంచు

మా అబ్బాయి బంగారం కొంటాడు గాని ఒంటిమీద వేసుకోడు, ఇంట్లో ఎవరినీ వేసుకోనివ్వడు. ఐదారు వందల ఏళ్ల కిందట జర్మనీలో రైన్ నది ఒడ్డున కొట్టిన కాసులట అవి. రూపాయి బిళ్లంత వెడల్పు, అప్పడమంత పల్చన. సింగపూర్‌ బెడోక్‌లో మా ఫ్లాట్‌కు ఎవరొచ్చినా నేను కరెంటు దండగని ఏసీ వెయ్యను. ఆ కాసులకు చెమట పట్టకూడదని వీడు వాటి గదిలో రోజంతా వేసి ఉంచుతాడు.

మొన్న రెండేళ్ల బోనసు పోసి ఒక కాసు తెప్పించాడు. దానిమీద గడ్డపు సాధువొకడు నిలబడి ఉన్నాడు. నచ్చకపోతే వారంలోగా వెనక్కి పంపవచ్చు. ఆరో రోజున, ఆదివారం వచ్చే తన కాసుల స్నేహితులకు చూపేముందు నాకు చూపించాడు.

"చూడమ్మా, ఒక్క మచ్చ లేదు."

చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచంతా తడిమాను. సాధువు తల పైన వేలు ఆగింది.

నేను మూడో తరగతి దాటలేదు. అయితే మా అమ్మ ఇచ్చిన కాసులపేరు ముప్పై ఏళ్లు మెడలో వేసుకుని, ఊడిన రింగులు కంసాలి ముందు కూర్చుని అతికించుకున్నదాన్ని. అతుకు తీసి ఆకురాయి పెట్టిన చోటు ఎలా ఉంటుందో నా వేలికి తెలుసు.

"దీనికి ఇక్కడ రింగు ఉండేదిరా. తీసేసి అరగదీశారు."

"జర్మనీలో కాసులపేరు ఎవరేసుకుంటారమ్మా? ఎక్స్‌పర్ట్ సర్టిఫికెట్ ఇచ్చాడు."

"ఆ ఎక్స్‌పర్ట్ ఎప్పుడైనా మెడలో వేసుకున్నాడా?"

భూతద్దం తెచ్చాడు. చూస్తున్నకొద్దీ చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు పొద్దున్నే కాసును కొరియర్‌లో వెనక్కి పంపేశాడు.

ఆదివారం నలుగురు స్నేహితులొచ్చి నా పెసరట్లు తింటున్నారు.

"డీలర్ నన్నే మోసం చేయబోయాడు. అంచు చూడగానే పట్టేశాను," అంటున్నాడు మావాడు.

"నీ కన్ను సూపర్ లా," అన్నాడు ఇక్కడి యాసలో, టోవా పాయో పేట నుంచి వచ్చిన పెద్దాయన.

నేను చట్నీ వడ్డిస్తూ, "ఏ వేలితో పట్టేశావురా నాయనా?" అని అడిగాను.

మావాడు ప్లేటులోకి చూశాడు. "మా అమ్మే చెప్పింది," అన్నాడు చివరికి.

నాకంటే ఏడాదో రెండేళ్లో చిన్నవాడైన ఆ పెద్దాయన జేబులోంచి తన కాసు పొట్లం తీసి, "ఆంటీ, దీన్ని కూడా కొంచెం తడిమి చూస్తారా?" అన్నాడు.

తిన్న ప్లేట్లు ముందు సింకులో పెట్టి రమ్మన్నాను.