పన్నెండో గడిలో నేను రాసిన అబద్ధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పదకొండు నెలలు నేను ఈ ఆరాధనకు రాలేదు. ఒంట్లో బాగాలేదని మా అమ్మ చేత చెప్పించాను. నా ఒంటికి ఏమీ కాలేదు. జరిగింది వరుసలో చెబుతాను, ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాణ్ణి, వరుస తప్పితే నాకు మాట రాదు.

మొదటిది. డిప్లొమా రెండో ఏడు, నాకు పంతొమ్మిదేళ్లు. బిలాస్‌పూర్ నుంచి స్నేహితులతో రైల్లో వస్తున్నాను, మా కాలనీ దగ్గర ఆ రైలు ఆగదు, రాయ్‌పూర్ స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి నడవడం ఎందుకని అలారం చైను లాగాను. దిగి నాలుగడుగులు వేయకముందే రైల్వే పోలీసులు పట్టుకున్నారు. మర్నాడు రైల్వే కోర్టులో, నేరం ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని అక్కడున్న వకీలు చెప్పాడు, ఒప్పుకున్నాను, పది నిమిషాల్లో అయిపోయింది, రసీదు చేతికిచ్చారు. రసీదు వచ్చింది కాబట్టి కేసు ముగిసిందని ఇంట్లో అందరం అనుకున్నాం. అది కూడా శిక్షేనని, నా పేరు మీద అలాగే ఉండిపోతుందని మాకు తెలియలేదు.

రెండోది. ఐదేళ్ల తర్వాత రైల్వేలో టెక్నీషియన్‌గా ఎంపికయ్యాను. చేరేముందు నింపే ధ్రువీకరణ ఫారంలో పన్నెండో గడి దగ్గర ఒక ప్రశ్న ఉంది: మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, కోర్టు జరిమానా గానీ శిక్ష గానీ వేసిందా? నేను రాయడం ఆపి మా నాన్నను అడిగాను. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలోనే అప్పటికి ముప్పై ఏళ్లుగా ఫిట్టర్ పని చేస్తున్న మనిషి.

“చైను లాగడం కూడా ఒక కేసేటిరా? లేదని రాసెయ్. ఎవుడు సూస్తాడు?” అన్నాడు.

“చూస్తే, నాన్నా?”

“ఒరే, అక్కడ లచ్చ ఫారాలుంటాయి. నీదే తీసి సదవడానికి నువ్వేటి కలెక్టరువా?”

ఇద్దరం నవ్వుకున్నాం. ‘లేదు’ అని రాశాను. చేరిన మొదటి ఆదివారం ఇక్కడే నిలబడి, ఉద్యోగం ఇచ్చిన దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెప్పాను, మీరు చప్పట్లు కొట్టారు.

ఏడు నెలలకు పోలీసు విచారణ నివేదిక వచ్చింది. ఆఫీసులో పెద్దసారు ఫైలు నా వైపు తిప్పి, “లిఖ్ దేతే తో షాయద్ ఛోడ్ దేతే, బేటా. ఛుపాయా క్యోఁ?” అన్నారు. రాసి ఉంటే వదిలేసేవాళ్లమేమో, ఎందుకు దాచావు అని. తొలగింపు ఉత్తర్వులో చైను లాగినందుకని లేదు, నిజం దాచినందుకని ఉంది. సాక్ష్యం చెప్పిన చోటికి ఆ ముఖంతో రాలేక ఆ ఆదివారం నుంచే ఆరాధన మానేశాను.

సహోదరులారా, ఆ తర్వాత నేను చేసిన పాపం ఇంతకన్నా పెద్దది. అడిగిన ప్రతివాళ్లకూ మా నాన్న రాయమన్నాడని చెప్పాను, చుట్టాలకు చెప్పాను, కాలనీలో చెప్పాను, ఆయన వింటుండగానే చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. డ్యూటీకి వెళ్లేటప్పుడు టీ దుకాణం ముందు దారి మానేసి చుట్టు తిరిగి వెళ్లేవాడు, అన్నం ముందు ప్రార్థన చెయ్యమంటే నోరు విప్పేవాడు కాదు. రిటైరైన రోజున అందరూ పూలదండలతో మేళంతో ఇంటికొస్తారు కదా, ఆయన దండ అక్కడే వదిలేసి, సంచీ పట్టుకుని ఒక్కడే నడిచొచ్చాడు.

అది చూశాక నేను గదిలోకి వెళ్లి మోకరించాను. “ప్రభువా, ఇన్నాళ్లూ నాన్న రాయమన్నాడని చెప్పుకున్నాను. కలం నా చేతిలో ఉంది, రాసింది నేను. నన్ను క్షమించు, ఆయన తల ఎత్తు” అని ఏడ్చాను. లేచి వెళ్లి, రాసింది నేనేనని నాన్నతోనూ చెప్పాను. “సర్లేరా, అన్నం తిను” అన్నాడు, అంతే.

ఆ రోజు నుంచి ఏ ఫారంలోనైనా ‘అవును’ అని రాసి, కోర్టు కాగితం నకలు జతచేస్తున్నాను. శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో అది చదివి, “అరే భాయ్, యే సబ్ కౌన్ లిఖ్తా హై?”, ఇవన్నీ ఎవరు రాస్తారయ్యా అని నవ్వారు, మళ్లీ పిలవలేదు. ఇంకో రెండు చోట్ల నవ్వను కూడా లేదు. ఇప్పుడు మందిర్ హసౌద్‌లో కరెంటు ప్యానెల్ బోర్డులు తయారుచేసే చిన్న షెడ్డులో వైరింగ్ చేస్తున్నాను, అది చదువుకు తగిన పని కాదు. నా శిక్ష కాగితం మీద అలాగే ఉంది, ప్రార్థన చేస్తే చెరిగిపోయిందని మీకు చెబితే అది మరో అబద్ధమవుతుంది.

పోయిన నెల ఒక ప్రభుత్వ ఉద్యోగానికి రాతపరీక్షలో గట్టెక్కాను, మళ్లీ ధ్రువీకరణ ఫారం వచ్చింది, మళ్లీ ‘అవును’ అని రాశాను. జవాబు ఇంకా రాలేదు, ఉద్యోగం రాకపోవచ్చు కూడా, నాకు భయంగానే ఉంది. కానీ ఆ ఫారం నింపుతున్నప్పుడు నాన్న పక్కనే కూర్చుని, నేను రాసింది పైకి చదివి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. సంతకం అయ్యాక, ఇన్ని నెలల్లో మొదటిసారి నోరు తెరిచి ప్రార్థన చేశాడు. ఇంత మేలు చేసిన దేవునికి, ఆ జవాబు రాకముందే కృతజ్ఞత చెప్పాలని వచ్చాను, ఘనత, మహిమ ఆయనకే చెందాలి.

మీలో ఎవరైనా ఇలాంటి గడి ఒకటి దాచుకుని తిరుగుతుంటే, ఆయనను నమ్మి నిజం రాయండి. రాయడానికి చెయ్యి రాకపోతే ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి, పక్కన కూర్చుంటాను.